ఐసు నీళ్లలో చెయ్యి

దుబాయ్‌కి ఉత్తరాన రాస్ అల్ ఖైమాలో నేను పనిచేసిన ఆసుపత్రిలో ఈసీజీ గది, ఎక్స్‌రే గదికీ మందుల స్టోరుకీ మధ్య ఇరుక్కుని ఉండేది. ఒక మంచం, ఒక మిషను, మూలన ఒక సింకు. ఏసీ ఉండేది కానీ అది తిరుగుతుంటే కాగితం మీద గీత వణికేది. అందుకని మనిషి మంచం మీద పడుకోగానే ఆపేసేదాన్ని. ఎనభైల మొదట్లో మాట. నెల్లూరు జిల్లాలో నర్సింగ్ చదివి, అక్కడే కొన్నేళ్లు చేసి, ఈ ఊరొచ్చి అప్పటికి నాలుగేళ్లు. మా ఆయన అబుదాబిలో ఉండేవాడు. గురువారం సాయంత్రం వచ్చి శుక్రవారం వెళ్లిపోయేవాడు. మిగతా రోజులన్నీ నేను, ఆ మిషను, అందులోంచి వచ్చే కాగితం చుట్ట.

బరువైన పనేం కాదు. ఒకటే పని, అదే బరువు. కాళ్లకీ చేతులకీ జెల్లీ రాసి రబ్బరు పట్టీలు కట్టడం, ఛాతీ మీద రబ్బరు బుడ్డీ నొక్కి అంటించడం, కాగితం కత్తిరించి అట్ట మీద వరసగా అతికించడం. క్వారీల నుంచి వచ్చేవాళ్ల ఒంటి మీది రాతిపొడి జెల్లీతో కలిసి ముద్ద కట్టేది. ముందు తడిగుడ్డతో తుడిచి, ఆరాక మళ్లీ మొదలుపెట్టాలి. సాయంత్రానికి నా చీలమండలు ఉబ్బిపోయి చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగబడేవి.

దీనికి తోడు నా నెత్తిన ఇంకో పని పడింది. ఆసుపత్రిలో నర్సులు చాలావరకు మలయాళీలు. తెలుగు వచ్చింది నాకొక్కదానికే. కరీంనగర్, నిజామాబాద్ పల్లెల నుంచి కొత్తగా దిగినవాళ్లకు హిందీ కూడా అంతంతమాత్రం. ఏ వార్డులో ఎవరు తెలుగులో మూలిగినా నాకు కబురొచ్చేది. డాక్టరు ఇంగ్లిషులో అడుగుతాడు, నేను తెలుగులో అడుగుతాను, రోగి చెప్తాడు, నేను మళ్లీ ఇంగ్లిషులో చెప్తాను. దీనికి జీతం లేదు, పేరు లేదు, వేళ లేదు. మొదటి ఏడాది సంతోషంగానే చేశాను. తర్వాత తర్వాత మాటలు కుదించడం అలవాటైంది. అతను పది మాటలు చెప్తే నేను రెండు చెప్పేదాన్ని.

నేను చెప్పబోయే మనిషి మొదటిసారి వచ్చింది నడి ఎండాకాలంలో. నలభై దాటి ఉంటాయి. జగిత్యాల దగ్గర పల్లె. రేవు పక్కన గడ్డకట్టించిన కోళ్లు, మాంసం, చేపలు దాచే పెద్ద చలిగోదాములో పని. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ, లోపల సున్నా కింద పద్దెనిమిది. దూది దట్టించిన కోటు వేసుకుని లోపలికి పోయి, అట్టపెట్టెలు బండి మీద పేర్చి, బయటికి తోసుకురావాలి. రోజుకు ఎన్నిసార్లు లోపలికీ బయటికీ తిరిగేవాడో అతనికే లెక్క తెలియదు. అతన్ని తీసుకొచ్చింది పెషావర్ వైపు నుంచి వచ్చిన ఫోర్మన్, ఆరడుగుల మనిషి. నన్ను చూడగానే, "సబ్ బహానా హై సిస్టర్, కామ్ చోర్ హై" అనేసి, అంతా వంక, పని దొంగ అని తీర్పు చెప్పి, పికప్‌లో కూర్చోవడానికి బయటికి వెళ్లిపోయాడు.

"ఏమైంది అన్నా?" అని అడిగాను పట్టీలు కడుతూ.

"ఏం గాలే సిస్టరమ్మా. ఊకె గుంజుకొచ్చిండు."

"ఊరికే ఎవరూ తీసుకురారు. నొప్పి ఎక్కడ?"

అతను అరచెయ్యి రొమ్ము మధ్య పెట్టుకున్నాడు. నొప్పి చూపించమంటే ఒక్క వేలు పెట్టి చూపించేవాళ్ల గురించి నేను పెద్దగా కంగారుపడను. అరచెయ్యి పెట్టేవాళ్లని చూస్తే మాత్రం నా చేతులు కాస్త నెమ్మదిస్తాయి.

"చలిగదిలకు పోంగనే ఈడ బండ పెట్టినట్టయితది. ఎడమ చెయ్యి చిటికెనేలు దాక గుంజుతది. దవడ గూడ. బయటికొచ్చి ఎండల నిలవడితే పోతది."

"రోజూనా?"

"పొద్దుగాల మొదటిసారి పోయినప్పుడు గట్టిగ. అటెన్క జెర నయం."

కాగితం లాగాను. గీత శుభ్రంగా ఉంది. ఎక్కడా తేడా లేదు. అప్పుడే గుండె డాక్టరు లోపలికి వచ్చాడు. సూడాన్ దేశస్థుడు, సన్నగా పొడుగ్గా ఉండేవాడు, గట్టిగా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కాగితం వెలుతురుకి పట్టి చూసి, "ఏమంటున్నాడు?" అని ఇంగ్లిషులో నన్ను అడిగాడు.

ఆ క్షణంలో మంచం మీది మనిషి నా మణికట్టు పట్టుకున్నాడు. "గిదంత చెప్పకు సిస్టరమ్మా. గ్యాస్ అని చెప్పు. పోయినేడు మా క్యాంపుల ఒకాయనకు గుండె బాగలేదని కాయితం రాసిన్రు. వారంల ఖలాస్. ఇంటికి తోలిన్రు. నీకు దండం బెడ్త, నా పేరు మీద ఆ కాయితం రానీయకు."

డాక్టరు నా ముఖం వంక చూస్తూ నిలబడ్డాడు. ఆయనకు తెలుగు ఒక్క ముక్క రాదు.

"కడుపు మంట డాక్టర్. తిన్నాక వస్తుందట," అన్నాను.

ఆయన తలూపి, కడుపు మందు రాసి, తర్వాతి గదికి వెళ్లిపోయాడు. అతను నా చెయ్యి వదిలి కళ్లు మూసుకున్నాడు. నేను పట్టీలు విప్పాను.

ఆ రోజు నేను చేసింది దయ అని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. పూర్తిగా నిజం కాదు. బయట బల్ల మీద ఇంకా తొమ్మిదిమంది ఉన్నారు. డ్యూటీ దిగడానికి అరగంట ఉంది. ఆ నొప్పి సంగతి ఉన్నదున్నట్టు చెప్తే ఇంకో గంట ప్రశ్నలు, జవాబులు, మళ్లీ ప్రశ్నలు. అతను అబద్ధం అడిగాడు, అది నాకు సులువైంది. అంతే.

ఆ తర్వాత మందు అయిపోయినప్పుడల్లా వచ్చేవాడు. కిటికీలోంచి "బాగున్నవా చెల్లె?" అనేవాడు. సిస్టరమ్మ పోయి చెల్లె అయ్యాను. నొప్పి ఎలా ఉందని అడిగితే నవ్వి, "గ్యాస్ గదా, పోతది వస్తది," అనేవాడు. జేబులో సిగరెట్ పెట్టె పైకి తేలి కనిపించేది.

"అదైనా మానెయ్యన్నా."

"ఇది లేకపోతే ఆ చలిల ఎట్ల నిలవడాలె చెల్లె? రెండు దమ్ములు కొట్టి లోపలికి పోతే జెర వెచ్చగుంటది."

వెచ్చగా ఉంటుందని అతను అనుకుంటున్నాడు. పొగ నాళాలని ఇంకా బిగిస్తుందని నాకు తెలుసు. తెలిసి కూడా కిటికీ దగ్గర నిలబడి అంతకన్నా ఎక్కువ చెప్పలేదు. చెప్పడం మొదలుపెడితే మొదటి రోజు దాకా వెళ్లాల్సి వచ్చేది.

రెండు నెలలు గడిచాయి. ఒక పొద్దున పదకొండు దాటాక ఎమర్జెన్సీ ముందు పికప్ ఆగింది. ఫోర్మన్ అతన్ని భుజం మీద వేసుకుని లోపలికి పరిగెత్తుకొచ్చాడు. దూది కోటు ఇంకా ఒంటి మీదే ఉంది, కాలర్ మీద మంచు కరిగి నీళ్లు కారుతున్నాయి. చలిగదిలో పెట్టెల మధ్య కూలబడి ఉన్నాడట. ఇంకెవరూ చూడలేదు. బండి బయటికి రాలేదేమని ఫోర్మన్ లోపలికి వెళ్లి చూశాడు. అతన్ని మంచం మీద దించి పక్కకి జరిగాడు. "మైనే ఇస్కో కామ్ చోర్ బోలా థా," అని గోడకేసి చూస్తూ తనలో తనే అనుకున్నాడు. పని దొంగ అన్నానే అని.

నేను మిషను తోసుకుంటూ వెళ్లేసరికి అతని నొప్పి తగ్గిపోయింది. ఆ ఎండలో పావుగంట ప్రయాణం చేసి వచ్చాడు కదా. కాగితం లాగాను. గీత మళ్లీ శుభ్రం.

డాక్టరు పాత చీటీ తిరగేశాడు. "కడుపు మంట అని ఉంది. కడుపు మంటకి మనిషి కూలిపోడు," అన్నాడు నావైపు చూడకుండా.

అక్కడే, మంచం పక్కనే చెప్పాను. అతను మొదటి రోజు నాకు ఏం చెప్పాడో, ఏం దాచమన్నాడో, నేనేం చెప్పానో మొత్తం చెప్పాను. డాక్టరు కళ్లద్దాలు తీసి కోటు అంచుతో తుడుచుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడితే బాగుండేది.

"ఇంకా ఎంతమంది విషయంలో ఇలా చెప్పావు?" అని మాత్రం అడిగాడు.

"ఇతనొక్కడి విషయంలోనే," అన్నాను. అబద్ధం చెప్పింది ఒక్కసారే, అది నిజం. కుదించి చెప్పినవి ఎన్నో నాకే తెలియదు. ఆ మాట ఆయనతో అనలేదు.

మర్నాడు ఉదయం ఆయన వార్డు వంటగది నుంచి ఒక స్టీలు బేసిన్ నిండా ఐసు ముక్కలు, నీళ్లు తెప్పించాడు. ఎందుకో నాకు ముందే చెప్పాడు. పడుకున్నప్పుడు ఇతని గుండెకు చాలినంత రక్తం అందుతోంది, అందుకే గీత బాగుంది. చలి తగిలినప్పుడు ఏం జరుగుతోందో మన కళ్లముందు జరిగితే తప్ప తెలియదు. చెయ్యి ఐసు నీళ్లలో పెడితే ఒళ్లంతా నాళాలు స్పందిస్తాయి, గుండె నాళాలు కూడా. నాళాల్ని వదులు చేసే మాత్ర, నాలుక కింద పెట్టేది, సిద్ధంగా ఉంచుకో, అన్నాడు.

కుడి మణికట్టుకి కట్టే పట్టీని పైకి, జబ్బకి జరిపాను. అతను బేసిన్ వంక అనుమానంగా చూశాడు.

"ఇదేం పరీక్ష చెల్లె? దీన్నించి తప్పించుకుందామనే గదా నేను దవాఖానకొచ్చిన."

"రెండు నిమిషాలే. నొప్పి వస్తే వెంటనే చెప్పు. దాచావంటే నేనే ఊరుకోను," అన్నాను.

చెయ్యి మణికట్టు దాకా ముంచాడు. డాక్టరు రెండో చేతి నాడి పట్టుకుని గడియారం చూస్తున్నాడు. నేను కాగితం చూస్తున్నాను. ముప్ఫై సెకన్లు, ఏమీ లేదు. నిమిషం దగ్గర పడుతుండగా, ఎత్తుగా లేచే గీత తర్వాత సమంగా నడవాల్సిన చిన్న ముక్క కిందికి జారడం మొదలైంది. కాగితం మీది చిన్న గళ్లలో ఒక గడి. ఇంకొంచెం. రెండు గడులు. అతని పైపెదవి మీద చెమట పట్టింది.

"వచ్చింది," అన్నాడు. "బండ."

డాక్టరు చెయ్యి తీయించి మాత్ర నాలుక కింద పెట్టాడు. నేను ఎర్రగా కందిపోయిన ఆ చేతిని తువ్వాలుతో రుద్దుతూనే ఉన్నాను, మిషను కాగితం వదులుతూనే ఉంది. మూడు నిమిషాలకు గీత ఒక్కో గడీ పైకెక్కి మళ్లీ సమానమైంది. నాలుగేళ్లుగా ఆ మిషను ముందు నిలబడ్డాను. ఒక మనిషి గుండె రక్తం చాలక కుంగడం, మళ్లీ కోలుకోవడం అలా నా వేళ్ల మధ్య నుంచి సాగిపోవడం అదే మొదటిసారి చూశాను.

ఆ తర్వాత డాక్టరు మంచం పక్కన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎక్స్‌రే కవరు వెనక ఒక గొట్టం బొమ్మ గీశాడు. "నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు. తగ్గించొద్దు," అన్నాడు నాతో.

ఆయన చెప్తుంటే నేను చెప్పుకుంటూ పోయాను.

"అన్నా, గుండె కండరానికి కూడా రక్తం కావాలి. అది తెచ్చే నాళాలు వేరే ఉంటాయి, సన్నవి. అందరూ వాటిని నీళ్ల పైపు అనుకుంటారు. పైపుకి ప్రాణం లేదు. నాళానికి ఉంది. నువ్వు బరువెత్తితే గుండెకు ఎక్కువ రక్తం కావాలి, అప్పుడు నాళం తనంతట తానే వెడల్పు అవుతుంది. పని అయిపోతే మళ్లీ మామూలుగా అవుతుంది."

"దానికెట్ల ఎర్కైతది?"

నేను ఇంగ్లిషులో అడిగాను. డాక్టరు ముఖం కొంచెం వెలిగింది. ఇదే అసలు ప్రశ్న అన్నాడు. నాళం లోపలి వైపు ఒక పొర ఉంటుంది, ఒకే ఒక్క కణం మందం. ఇన్నాళ్లూ మేమంతా దాన్ని గోడకి వేసిన సున్నం లాంటిది అనుకున్నాం. కాదని ఈమధ్యే తెలుస్తోంది. ఆ పొరే ఏదో ఒక పదార్థం తయారుచేసి, వెనకున్న కండరాన్ని వదులవమని చెప్తోంది. ఆ పదార్థం ఏమిటో ఇంకా ఎవరికీ తెలియదు. పొగ, రక్తపోటు, చక్కెర, రక్తంలో మితిమీరిన కొవ్వు, ఇవి ఆ పొరని గాయపరుస్తాయి. గాయపడిన పొర వదులవమని చెప్పడం మానేస్తుంది. అలా చెడిన చోటే కొవ్వు గోడలోకి ఇంకి, పేరుకుని, గార కడుతుంది. గార కట్టేకొద్దీ పొర ఇంకా చెడుతుంది. ఏది ముందు, ఏది వెనక అంటే, పని చెడటం చాలాసార్లు ముందే మొదలవుతుంది. నాళం మూసుకుపోవడానికి ఎన్నో ఏళ్ల ముందు.

అంతా చెప్పాను. "ఉల్లిపొర కన్నా పల్చన" అని నా మాట ఒకటి చేర్చాను.

అతను కవరు చేతిలోకి తీసుకుని బొమ్మని చాలాసేపు చూశాడు. "గంత పల్చటి పొర పాడైతే ఇంత మనిషి కూలవడుతడా?"

"నీ నాళం వెడల్పు కావాల్సిన వేళ బిగుసుకుంటోంది. చలికి. చలిగదిలో బరువు తోస్తున్నప్పుడు గుండె ఎక్కువ అడుగుతుంది, నాళం తక్కువ ఇస్తుంది. ఇంక నువ్వు అందులోకి వెళ్లకూడదు."

అప్పుడు అతను నా వైపు తిరిగాడు. "మొదాలు చెప్పింది గూడ చెప్పినవా ఆయనకు?"

"చెప్పాను."

"నిన్ను చెల్లె అన్న గదా," అన్నాడు మెల్లగా. కవరు మంచం మీద పెట్టి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అతను ఏమన్నాడని డాక్టరు నన్ను అడిగితే, ఏమీ లేదన్నాను. వెంటనే గుర్తొచ్చి, అతను అన్నది ఉన్నదున్నట్టు చెప్పాను.

కంపెనీకి కాగితం రాయాల్సి వచ్చింది. అబద్ధం రాయనన్నాడు డాక్టరు. "గుండె జబ్బు, పనికి పనికిరాడు" అనీ రాయలేదు. చలిలో పనిచేయకూడదు, బరువులు తోయకూడదు, ఈ రెండూ లేని పని చేయగలడు, మందులు వాడాలి అని రాశాడు. అదీ నిజమే. ఆ వాక్యం ఎలా రాయాలా అని ఆయన పావుగంట కలం పట్టుకుని కూర్చోవడం నేను చూశాను. కాగితం తీసుకుపోవడానికి ఫోర్మన్ వచ్చాడు. మడిచి లోపలి జేబులో పెట్టుకుని, "ముదీర్ సే మై బాత్ కరూంగా," అన్నాడు. మేనేజరుతో తనే మాట్లాడతానని.

ఏం మాట్లాడాడో, ఎంత దెబ్బలాడాడో నాకు తెలియదు. అతన్ని పంపించేయలేదు. గోదాము గేటు దగ్గర రేకుల గదిలో కూర్చుని, వచ్చే లారీల నంబర్లు రాసుకునే పని ఇచ్చారు. ఆ పని అతనికి అస్సలు నచ్చలేదు. ఎండలో రేకులు కాలిపోయేవి, పక్కన మాట్లాడే మనిషి ఉండడు, తోటివాళ్లు నవ్వేవాళ్లు. నెలకోసారి ఈసీజీకి వచ్చి మంచం మీద పడుకునేవాడు, నేను పట్టీలు కట్టేదాన్ని, ఇద్దరం మాట్లాడుకునేవాళ్లం కాదు. మాత్రలు వేసుకుంటున్నావా అంటే తలూపేవాడు. సిగరెట్లు మానావా అంటే పైకప్పు వంక చూసేవాడు. అయిదో నెలలో కాబోలు, పట్టీలు విప్పుతుంటే, "పది దినాలాయె, ముట్టలే," అన్నాడు. తర్వాతి నెల మళ్లీ మొదలుపెట్టానన్నాడు. ఆ తర్వాత మళ్లీ మానేశాడు. అలా మానుతూ మొదలుపెడుతూ ఏడాదిన్నర.

ఆ ఏడాదిన్నర నాకూ మంచిగా గడవలేదు. నేను ఒక్క మాట కూడా కుదించకుండా చెప్పడం మొదలుపెట్టాను. చెప్పొద్దని బతిమాలినా చెప్పేదాన్ని. క్యాంపుల్లో పేరు పాకిపోయింది. ఆ సిస్టర్ దగ్గర నోరు విప్పకండి, ఉన్నదంతా చెప్పేస్తది అని. వచ్చినవాళ్లు నాకు కూడా అబద్ధం చెప్పసాగారు. ఒకతను ఉన్నాడు, రాతి క్వారీలో డ్రిల్లు పట్టేవాడు, నిండా ముప్ఫై అయిదు లేవు. మెట్లెక్కితే రొమ్ము బిగుసుకుపోతోందని నాకు చెప్పి, చెప్పొద్దన్నాడు. నేను చెప్పాను. అతని కంపెనీలో అతని కోసం దెబ్బలాడే ఫోర్మన్ లేడు. ఎనిమిది రోజుల్లో టికెట్టు చేతిలో పెట్టారు. వెళ్లే ముందు ఆసుపత్రికి వచ్చి, నా గది ముందు బల్ల మీద కాసేపు కూర్చుని, నేను బయటికి వచ్చేసరికి లేచి వెళ్లిపోయాడు. ఊళ్లో వైద్యం చేయించుకున్నాడో లేదో, ఉన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నిజం చెప్పాను కాబట్టి హాయిగా నిద్రపోయానని ఎవరైనా అనుకుంటే పొరపాటు. మా ఆయన గురువారాలు వచ్చి, "నీ ముఖం చూస్తే నువ్వే పేషెంటులా ఉన్నావు," అనేవాడు. రాజీనామా రాసి రెండుసార్లు చించేశాను.

చలిగోదాము నుంచి గేటు దగ్గరికి మారిన ఆ జగిత్యాల మనిషి సెలవు పెట్టి ఊరెళ్లాడు. వెళ్లే ముందు డాక్టరు నా చేత అతనికి చెప్పించాడు, హైదరాబాద్‌లో గుండె నాళాల్లోకి మందు పంపి ఫొటో తీసే పరీక్ష చేస్తున్నారు, చేయించుకో అని. సరేనన్నాడు. తిరిగి రాలేదు. రెండు నెలలు చూశాక కంపెనీ వాళ్లు వీసా రద్దు చేశారని ఫోర్మన్ వచ్చి చెప్పాడు.

ఆ తర్వాత ఉత్తరం వచ్చింది, ఆసుపత్రి అడ్రసుకి, నా పేరు మీద. ఎవరి చేతనో రాయించాడు, అడుగున వంకర టింకరగా అతని సంతకం. హైదరాబాద్‌లో ఫొటో తీశారట. "మూడు జాగల గోడ లావైంది, ఏది గూడ సగం కంటె ఎక్కువ మూసుకోలే, ఆపరేషన్ అక్కర లేదు అన్నరు. చెల్లె, ఇంటోళ్లు ఏమంటున్రంటె, సగమే మూసుకుంటె నీకు గంత నొప్పి ఎందుకొచ్చింది, నువ్వు పని తప్పించుకొని వచ్చినవ్ అంటున్రు. ఇక్కడి డాక్టరును అడిగితె కసురుకున్నడు. మీ డాక్టరును అడిగి రాయి. చలికాలమొచ్చింది, పొద్దుగాల నడుమన్నరు, నడవొచ్చునా గూడ రాయి."

సముద్రం దాటి ఇంటికి వెళ్లినా ఆ మనిషి మీద పని దొంగ అన్న మాట వదల్లేదు.

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మొత్తం చదివి చెప్పాను. ఆయన విని, "ఫొటో తీసినప్పుడు అతను వెచ్చటి గదిలో మంచం మీద పడుకుని ఉంటాడు. ఆ ఫొటో నాళం ఎంత ఉందో చెప్తుంది, ఏం చేస్తుందో చెప్పదు," అన్నాడు. గార కట్టిన ముక్క సగమే మూసి ఉండొచ్చు. మంచి పొర ఉన్న నాళం అయితే మిగిలిన సగాన్ని వెడల్పు చేసుకుని నెట్టుకొస్తుంది. ఇతని నాళం చలి తగిలితే ఆ మిగిలిన సగాన్ని కూడా బిగిస్తోంది. అప్పుడు సగం కాస్తా ముప్పాతికో, అంతకన్నా ఎక్కువో అవుతుంది. చలి పోతే మళ్లీ సగం. రెండు కలిస్తేనే అతని నొప్పి. ఒక్కదాన్ని చూసి లేదనడం తప్పు.

ఆ శుక్రవారం మా ఆయన భోజనం చేసి పడుకున్నాక వంటింటి బల్ల ముందు కూర్చుని జవాబు రాశాను. మూడు ఠావులు. ఏదీ కుదించలేదు. అతని ఇంటివాళ్లకు చదివి వినిపించినా అర్థమయ్యేలా రాశాను. ఐసు నీళ్లలో చెయ్యి పెట్టినప్పుడు గీత ఎన్ని గడులు దిగిందో రాశాను. నీ నొప్పి అబద్ధం కాదు, దాన్ని నేను కళ్లతో చూశాను అని రాశాను. పొద్దు బాగా ఎక్కాక, ఎండ వచ్చాక, రొమ్ము కప్పుకుని నడువు, జేబులో మాత్ర పెట్టుకో, నొప్పొస్తే ఆగు. నడక వల్ల నాళం తిరిగి వెడల్పు కావడం కొంత నేర్చుకుంటుందని డాక్టరు అంటున్నాడు, పొగ మానితే ఆ పొర కొంత కోలుకుంటుందని కూడా అంటున్నాడు, పూర్తిగా అని మాత్రం ఆయన చెప్పలేదు అని రాశాను. చివర్లో, మొదటి రోజు నువ్వు చెప్పింది నేను చెప్పకపోవడం నా తప్పు, తర్వాత చెప్పడం తప్పు కాదు అని రాశాను. ఆ రెండో ముక్క కొట్టేయాలా ఉంచాలా అని చాలాసేపు ఆలోచించి ఉంచాను.

జవాబు రాలేదు. ఏడాది పోయింది, ఇంకో ఏడాది పోయింది. సూడాన్ డాక్టరు కాంట్రాక్టు అయిపోయి వెళ్లిపోయాడు. వెళ్లేటప్పుడు తన దగ్గరున్న పాత వైద్య పత్రికల కట్ట నాకిచ్చాడు. కొన్నాళ్లకి వేరే కొత్త పత్రిక ఎవరి దగ్గరో చూస్తే, నాళం లోపలి పొర తయారుచేసే, ఆయన ఇంకా ఎవరికీ తెలియదన్న ఆ పదార్థం ఏమిటో కనిపెట్టారని, అదొక వాయువని రాసి ఉంది. ఆయనకి చెప్దామంటే అడ్రసు లేదు.

ఎనభైల చివర్లో ఒక పొద్దున నా గదికి ఒక కొత్త మనిషి వచ్చాడు. మాట వినగానే జగిత్యాల వైపు అని తెలిసింది. పట్టీలు కడుతూ ఏ ఊరని అడిగాను. చెప్పాడు. నేను ఉత్తరం మీద రాసిన ఊరే. చలిగోదాములో చేసి వచ్చిన ఆయన ఎలా ఉన్నాడని అడిగాను.

"ఆయననా? ఉన్నడమ్మా," అన్నాడు. "నడుమ ఒకసారి నొప్పొస్తె కరీంనగర్ తీస్కపోయిన్రు, మల్ల వచ్చిండు. రోజు బారెడు పొద్దెక్కినంక శాలువ గప్పుకొని చెరువు గట్టు దాక నడుస్తడు. ఎవడన్న బీడీ ముట్టిస్తె చాలు, తిడుతడు. దుబాయ్ల ఒక సిస్టర్ ఉత్తరం రాసిందట, అది దీసి చదివిపిస్తడు. మాకు సగం తెల్వది, సగం తెలుస్తది."

"ఇంటివాళ్లు?"

"ఇంటోళ్లకేమైంది?"

"ఏం లేదు," అన్నాను.

ఆ ఉత్తరం రాసింది నేనేనని చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేం లేదు, ఓపిక లేదు. బుడ్డీ నొక్కి అతని ఛాతీ మీద అంటించాను. నొప్పి ఎక్కడ, ఎప్పుడు వస్తుంది, ఏం చేస్తే పోతుంది, మెల్లగా చెప్పు, నేను వింటున్నాను అన్నాను. బయట బల్ల నిండా మనుషులున్నారు. అతను చెప్పడం మొదలుపెట్టాడు.